ఒకే కాలమ్‌లో రకరకాల వివరాలు: టైపు చెడకుండా దాచుకోవడం ఎలా

పలాస–కాశీబుగ్గ జంట పట్టణాల్లో జీడిపప్పు వ్యాపారం చేసే దుకాణానికి సరుకు లెక్కల ప్రోగ్రాం రాయడానికి కూర్చున్నారనుకోండి. టేబుల్‌లో ఏయే కాలమ్‌లు ఉండాలో మొదటి రోజున ఇట్టే తేలిపోతుంది: పేరు, ధర, నిల్వ, గ్రేడు, తేమ శాతం. రెండో నెలలో యజమాని పొందూరు ఖాదీ కూడా అమ్మకానికి పెడతానంటారు. దానికి నూలు కౌంటు, పన్నా వెడల్పు కావాలి. ఆ తరువాత బహుమతులుగా ఇచ్చే బొబ్బిలి వీణలు వస్తాయి. వాటికి కర్ర ఏదో, మెట్లు ఎన్నో రాసుకోవాలి. వచ్చిన ప్రతి సరుకుకూ కొత్త కాలమ్‌లు తగిలించుకుంటూ పోతే ఏడాది తిరిగేసరికి టేబుల్ నలభై కాలమ్‌లకు చేరుతుంది, ఏ వరుస తెరిచి చూసినా అందులో ముప్పయికి పైగా ఖాళీగానే కనిపిస్తాయి.

ఈ చిక్కుకు మందు ఒకటి చాలాకాలంగా వాడుకలో ఉంది. మారుతూ ఉండే వివరాలన్నింటినీ ఒకే కాలమ్‌లో, సాధారణంగా జేసన్ రూపంలో, అంటే ‘కీ’ అనే పేరూ దాని విలువా జతలుగా రాసే పాఠ రూపంలో, మూటగట్టి దాచుకోవడమే అది. ప్రతి వివరానికీ ఒక్కో వరుస చొప్పున వేరే టేబుల్‌లో రాసుకునే పద్ధతి కూడా ఉంది కానీ, ఒక్క సరుకు చూపించడానికి పదేసి వరుసలు ఏరుకోవలసి వస్తుంది కాబట్టి చిన్న దుకాణాల ప్రోగ్రాములకు నేను దాన్ని సిఫారసు చేయను. అయితే మూటగట్టే పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది. మామూలు కాలమ్‌కు తన టైపు, అంటే తాను అంకెనా, తేదీనా, అవును–కాదు విలువనా అన్నది, తెలుసు, తప్పుడు సరుకు వస్తే డేటాబేసే గుమ్మం దగ్గర ఆపేస్తుంది. మూటగట్టిన కాలమ్‌కు ఆ తెలివి ఉండదు, మీరు ఏది ఇస్తే అది పుచ్చుకుంటుంది. ఆ కాపలా పనిని మీ ప్రోగ్రాం ఎలా నెత్తిన వేసుకోవాలో, ఏ క్రమంలో వేసుకోవాలో ఈ శ్రీకాకుళం జిల్లా దుకాణపు ఉదాహరణలతోనే ఇక్కడ వివరిస్తాను.

ముందు ఏది మూటలోకి, ఏది బయటకు

కోడు ముట్టుకోకముందే కాగితం మీద రెండు వరుసలు గీయండి. దేనిమీద రోజూ లెక్క కడతారో, దేనితో వెతుకుతారో, ఏది మరో టేబుల్‌కు లంకె వేస్తుందో దాన్ని మామూలు కాలమ్‌గానే ఉంచండి. ధర, నిల్వ, జీఎస్‌టీ శాతం, సరఫరాదారు నంబరు ఈ కోవలోకి వస్తాయి. ఆ సరుకు పేజీ తెరిచినప్పుడు మాత్రమే చూపించే వివరాలు, ఒక సరుకుకు ఉండి మరొకదానికి లేని వివరాలు మూటలోకి వెళ్లవచ్చు. అనుమానం ఉన్న వివరాన్ని మూటలోనే మొదలుపెట్టండి. దాని అవసరం పెరిగినప్పుడు బయటకు ఎలా తీయాలో చివర చెబుతాను.

ఇక్కడే టైపుల సంగతి కూడా ఆలోచించడం మొదలుపెట్టాలి, ఎందుకంటే అంకెల్లా కనిపించేవన్నీ అంకెలు కావు. ఉద్దానం నుంచి వచ్చే కొబ్బరికీ జీడికీ జీఎస్‌టీ బిల్లు మీద సరుకు రకాన్ని తెలిపే హెచ్‌ఎస్‌ఎన్ శీర్షిక ఒక్కటే, 0801. దాన్ని ఇంటిజర్‌గా అంటే పూర్ణాంకంగా దాస్తే ముందున్న సున్నా రాలిపోయి 801 మిగులుతుంది, బిల్లు మీద తప్పు కోడు అచ్చవుతుంది. పోనీ సున్నాతోనే అంకెగా రాద్దామంటే, సున్నాతో మొదలయ్యే అంకెను జేసన్ వ్యాకరణం అసలు ఒప్పుకోదు. బ్యాంకు ఖాతా నంబర్లకూ ఇదే నియమం వర్తిస్తుంది. కూడడం, తీసివేయడం అర్థం లేని అంకెలన్నింటినీ అక్షరాల వరుసగా, అంటే స్ట్రింగ్‌గానే దాచండి.

కాలమ్ ఎంపిక

మీ డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ అయితే జేసన్‌బీ కాలమ్ ఎంచుకోండి. 2014లో వచ్చిన 9.4 వెర్షన్ నుంచి ఇది ఉంది. అంతకుముందు 2012లో 9.2తో వచ్చిన జేసన్ రకం మీరు ఇచ్చిన పాఠాన్ని ఉన్నదున్నట్టు దాస్తుంది, జేసన్‌బీ మాత్రం దాన్ని విడదీసి తన పద్ధతిలో దాస్తుంది. అందువల్ల కీలు మీరు రాసిన వరుసలోనే తిరిగి వస్తాయని ఆశించకండి. ఒకే కీ రెండుసార్లు వస్తే చివరిది మాత్రమే మిగులుతుంది. మైఎస్‌క్యూఎల్ వాడేవారికి 2015 నాటి 5.7 నుంచి జేసన్ రకం అందుబాటులో ఉంది.

పాత సర్వర్ల మీద ఈ సౌకర్యం లేక మామూలు టెక్స్ట్ కాలమ్‌లో దాచవలసి వస్తే, తెలుగులో రాసేవాళ్లు ఒక కొలత గుర్తుంచుకోవాలి. మైఎస్‌క్యూఎల్ టెక్స్ట్ కాలమ్‌లో పట్టేది 65,535 బైట్లు. యూటీఎఫ్–8లో తెలుగు అక్షరానికీ, గుణింతపు గుర్తుకూ, పొల్లుకూ ఒక్కొక్కదానికి మూడు బైట్లు పడతాయి; ‘జీడిపప్పు’ అన్న మాటలో అలాంటివి తొమ్మిది ఉన్నాయి కనుక 27 బైట్లు అవుతాయి. పైథాన్‌లోని జేసన్ లైబ్రరీ, పీహెచ్‌పీలోని జేసన్ ఎన్‌కోడ్ ఫంక్షన్ మాత్రం మీరు వద్దని చెప్పకపోతే ప్రతి తెలుగు గుర్తునూ ఆరు అక్షరాల సంకేతంగా మార్చి రాస్తాయి, అప్పుడు అదే మాట 54 బైట్లు మింగుతుంది. రెండింటిలోనూ ఆ మార్పిడిని ఆపే ఐచ్ఛికం ఉంది, తప్పక వాడండి. స్థలం కలిసిరావడం ఒక లాభమైతే, ఎప్పుడైనా డేటాబేస్ తెరిచి కంటితో చూసుకున్నప్పుడు సంకేతాల బదులు తెలుగు కనిపించడం అంతకంటే పెద్ద లాభం.

జేసన్ కాకుండా భాషల సొంత మూటలు, అంటే పైథాన్ పికిల్, పీహెచ్‌పీ సీరియలైజ్, రూబీ మార్షల్ వంటివి, వాడవద్దు. వాటిని విప్పేటప్పుడు ప్రోగ్రాం లోపలి వస్తువులు కూడా ప్రాణం పోసుకుంటాయి కాబట్టి, ఆ కాలమ్‌లోకి ఎవరైనా తమకు కావలసింది రాయగలిగితే మీ సర్వర్ మీద తమ కోడు నడిపించగలరు. జేసన్ లాంటి మరో పాఠ రూపమైన యామల్ మూటలదీ అదే కథ. 2022 జూలైలో, రూబీలో వెబ్ ప్రోగ్రాములు రాయడానికి వాడే రైల్స్ బృందం ఇదే కారణంతో భద్రతా సవరణ విడుదల చేసి, యామల్ కాలమ్‌లను జాగ్రత్త పద్ధతిలోనే విప్పేటట్టు మార్చింది. అప్పటిదాకా తేదీలనూ సింబళ్లనూ యామల్‌లో దాచుకున్న ప్రోగ్రాములు అనుమతించని తరగతి అంటూ ఒక్కసారిగా మొరాయించాయి. కొత్తగా మొదలుపెట్టేవారు ఆ దారిలోకి వెళ్లవలసిన పనే లేదు.

టైపుల పట్టిక ఒకే చోట

ఇప్పుడు అసలు పని. మూటలో ఏ కీ ఉండవచ్చు, దాని టైపు ఏది, విలువ లేనప్పుడు ఏమనుకోవాలి, ఖాళీగా ఉండవచ్చా అన్న నాలుగు సంగతులను ప్రోగ్రాంలో ఒకే ఒక్క చోట పట్టికగా రాయండి. ఫారం చూపించేటప్పుడు ఒక చోట, దాచేటప్పుడు మరో చోట, రిపోర్టు తీసేటప్పుడు ఇంకో చోట టైపును ఊహించుకునే ప్రోగ్రాంలో ఆ మూడూ ఏదో ఒక రోజు వేర్వేరు దారులు పడతాయి. జీడి లాట్ల కోసం నేను రాసుకున్న పట్టిక దాదాపు ఇలా ఉంటుంది:

గ్రేడు: నిర్ణీత జాబితాలోని స్ట్రింగ్, ఖాళీ ఉండరాదు.
తేమ: డెసిమల్, ఒక దశాంశ స్థానం, తెలియకపోతే ఖాళీ.
ఎండబెట్టినవి: బూలియన్ (అవును–కాదు విలువ); డీఫాల్ట్ (విలువ లేనప్పుడు అనుకునేది) ‘కాదు’.
బస్తాలు: ఇంటిజర్, డీఫాల్ట్ 0.
కొన్న తేదీ: తేదీ, ఖాళీ ఉండరాదు.

గ్రేడు దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. గుండు పప్పులో 180, 210, 240, 320 అనే గ్రేడులు ఉన్నాయి. ఒక పౌనుకు, అంటే సుమారు 454 గ్రాములకు, ఎన్ని పలుకులు తూగుతాయో దాని పై హద్దే ఆ అంకె. అందుకే అంకె తగ్గేకొద్దీ పప్పు పెద్దది, ధర ఎక్కువ. ఇదంతా చూస్తే ఇంటిజర్ అనిపిస్తుంది. కానీ బద్దకూ ముక్కకూ ఇలాంటి అంకె లేదు, వాటికి అక్షరాల గుర్తులే ఉన్నాయి. పైగా గ్రేడుల సగటు అడిగేవారు ఎవరూ ఉండరు. వరుసలో పేర్చడం మాత్రం కావాలి. అందుచేత గ్రేడును స్ట్రింగ్‌గానే దాచి, ఏ గ్రేడు తరువాత ఏది రావాలో చెప్పే జాబితాను ప్రోగ్రాంలో విడిగా పెట్టుకున్నాను. టైపును నిర్ణయించేటప్పుడు ఆ విలువ ఎలా కనిపిస్తోందన్నది కాదు, దానితో దుకాణంలో ఏం చేస్తారన్నదే చూడండి.

మీరు రైల్స్ వాడుతుంటే, 2012లో 3.2 వెర్షన్‌తో వచ్చిన స్టోర్ సౌకర్యం మూటలోని కీలను మామూలు కాలమ్‌ల మాదిరిగా పిలుచుకోనిస్తుంది గానీ, టైపులను పట్టించుకోదు. ఫారం నుంచి స్ట్రింగ్ వస్తే స్ట్రింగే లోపలికి పోతుంది. దాని పైన టైపులు ప్రకటించుకోవడానికి టైప్డ్ స్టోర్ అనే జెమ్ (రూబీ అదనపు లైబ్రరీ) ఉంది, లేదా రైల్స్ 5 నుంచి వచ్చిన యాట్రిబ్యూట్స్ సౌకర్యంతో మీ సొంత టైపును రాసుకోవచ్చు. పైథాన్ వెబ్ ప్రోగ్రాములకు వాడే జాంగోలో జేసన్ ఫీల్డ్ 3.1 వెర్షన్ నుంచి అన్ని డేటాబేసులకూ పనిచేస్తుంది, కానీ లోపలి కీల టైపులను మీరే తనిఖీ చేసుకోవాలి. ఏదీ లేకపోయినా ఫరవాలేదు. పైన చెప్పిన పట్టికను చదివి విలువను మార్చే ఫంక్షన్ రాయడం ఒక పూట పని.

లోపలికి వచ్చేటప్పుడే మార్చండి

బ్రౌజర్ ఫారం నుంచి వచ్చేదంతా స్ట్రింగే. దాన్ని మార్చకుండా దాస్తే మూటలో ఇలాంటి వరుస కనిపిస్తుంది:

{"గ్రేడు": "320", "తేమ": "9.5", "ఎండబెట్టినవి": "0", "బస్తాలు": "12"}

ఉండవలసింది ఇది:

{"గ్రేడు": "320", "తేమ": "9.5", "ఎండబెట్టినవి": ఫాల్స్, "బస్తాలు": 12}

చివరి రెండింటికీ కొటేషన్ గుర్తులు లేవని గమనించండి. తేమకు మాత్రం ఎందుకు ఉంచానో కాసేపట్లో చెబుతాను.

మొదటి రూపంలో ఉన్న ‘ఎండబెట్టినవి’ నా చేత ఒకసారి క్షమాపణ చెప్పించింది. టిక్కు పెట్టని చెక్‌బాక్స్ నుంచి "0" అనే స్ట్రింగ్ వచ్చింది, నేను దాన్ని అలాగే దాచాను, చూపించేటప్పుడు ‘ఇది నిజమా’ అని అడిగాను. రూబీ లెక్కలో ఆ స్ట్రింగ్ నిజమే, ఆ మాటకొస్తే అంకె 0 కూడా నిజమే. పచ్చి పిక్కల (పెంకు తీయని జీడిగింజల) లాట్లన్నీ ఎండినవాటి జాబితాలో చేరి గోడౌన్‌కు వెళ్లిపోయాయి. పైథాన్‌లో అంకె 0 అబద్ధం గానీ స్ట్రింగ్ "0" నిజం. పీహెచ్‌పీలో స్ట్రింగ్ "0" అబద్ధం, ఆంగ్లంలో ఫాల్స్ అని రాసిన స్ట్రింగ్ మాత్రం నిజం. ఇన్ని భాషలకు ఇన్ని మర్యాదలు ఉన్నప్పుడు వాటిని నమ్ముకోకుండా, ఏ స్ట్రింగులు ‘అవును’ కిందికి, ఏవి ‘కాదు’ కిందికి వస్తాయో మీరే జాబితా రాసి, ఆ రెండింటిలోనూ లేనిదాన్ని తిరస్కరించండి.

అంకెల దగ్గర మన దేశపు కామాలు మరో గండం. లెక్కలు రాసే గుమస్తా అలవాటు ప్రకారం 1,25,000 అని కొడతాడు. రూబీలోనూ పీహెచ్‌పీలోనూ దాన్ని నేరుగా ఇంటిజర్‌గా మారిస్తే మొదటి కామా దగ్గర చదవడం ఆగిపోయి 1 మాత్రమే మిగులుతుంది, ఏ తప్పూ చూపించదు. లక్షా పాతిక వేలు ఒక్క రూపాయి అయిపోవడం కంటే పైథాన్ చేసినట్టు తప్పు చూపించి ఆగిపోవడమే ఎంతో నయం. కామాలను తీసేసి, మిగిలినదంతా అంకెలేనా అని తనిఖీ చేసి, ఆ తరువాతే మార్చండి. తెలుగు అంకెలు కొట్టేవారు అరుదే గానీ లేకపోలేదు; ౩౨౦ అని ఇస్తే పైథాన్ 320గా అర్థం చేసుకుంటుంది, రూబీ 0 అంటుంది.

ఖాళీ స్ట్రింగ్‌ను ఏం చేయాలన్నది కూడా ఇక్కడే తేల్చుకోవాలి. తేమ గడిని ఖాళీగా వదిలారంటే కొలవలేదని అర్థం, సున్నా శాతమని కాదు. అంకెలకూ తేదీలకూ ఖాళీ వస్తే ‘విలువ లేదు’ అనే నల్‌గా మార్చండి.

జేసన్‌కు తెలియని టైపులు

జేసన్‌కు తెలిసినవి స్ట్రింగ్, అంకె, అవును–కాదు, నల్, జాబితా, లోపలి మూట, ఈ ఆరే. తేదీ లేదు, డెసిమల్ లేదు. ఈ రెండింటినీ ఏ రూపంలో దాస్తారో మీరు ఒక్కసారి నిర్ణయించి దానికే కట్టుబడాలి.

తేదీని ఎప్పుడూ ఏడాది–నెల–రోజు వరుసలో స్ట్రింగ్‌గా రాయండి. మన జిల్లాలో తిత్లీ తుఫాను తీరం దాటిన రోజును 2018-10-11 అని రాస్తే ఏ దేశం కంప్యూటరైనా అక్టోబరు 11 అనే చదువుతుంది. అదే 11/10/2018 అని రాస్తే అమెరికా పద్ధతిలో నడిచే లైబ్రరీ దాన్ని నవంబరు 10గా చదువుతుంది; ఉద్దానంలో కూలిన కొబ్బరి చెట్ల నష్టం నమోదులో నెల రోజులు తేడా వస్తే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు. పైగా ఏడాదితో మొదలయ్యే రూపంలో స్ట్రింగ్ వరుసా తేదీల వరుసా ఒక్కటే అవుతాయి కనుక పేర్చడం సులువు. గంటలు, నిమిషాలు కూడా కావాలంటే ప్రపంచ సమయం (యూటీసీ)లోకి మార్చి దాచి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలపండి.

ఇప్పుడు తేమ సంగతి. 9.5ను జేసన్ అంకెగా రాస్తే చాలా భాషలు దాన్ని ఉజ్జాయింపు దశాంశ రూపమైన ఫ్లోట్‌గా విప్పుతాయి, ఫ్లోట్‌లో 0.1కి 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు. తేమకు ఆ మాత్రం తేడా పట్టింపు కాకపోవచ్చు, ధరకు మాత్రం పట్టింపే. డెసిమల్‌ను స్ట్రింగ్‌గా దాచి, బయటకు తీసేటప్పుడు పట్టిక చూసి డెసిమల్‌గా మార్చుకోవడం నా పద్ధతి. రైల్స్ కూడా తన డెసిమల్ విలువలను జేసన్‌లో స్ట్రింగ్‌గానే రాస్తుంది. డబ్బు అయితే పైసల్లోకి మార్చి ఇంటిజర్‌గా దాచడం ఇంకా సుఖం. మరీ పెద్ద ఇంటిజర్లతోనూ జాగ్రత్త పడాలి: జావాస్క్రిప్ట్ 9,007,199,254,740,991 వరకే ఇంటిజర్లను నమ్మకంగా పట్టుకోగలదు, ఆపైన చివరి అంకెలు మారిపోతాయి.

బయటకు తీసేటప్పుడు

చదివేటప్పుడు కూడా పట్టిక గుండానే చదవండి. మూటలో కీ లేకపోతే డీఫాల్ట్ ఇవ్వాలి, ఉంటే టైపుకు మార్చి ఇవ్వాలి. కీ లేకపోవడం, కీ ఉండి విలువ నల్ కావడం వేర్వేరు సంగతులని మరిచిపోకండి. మొదటిది ఆ వివరం పుట్టకముందు రాసిన పాత వరుస, రెండోది తెలియదని ఎవరో కావాలనే వదిలినది. డీఫాల్ట్ జాబితా అయితే, ప్రతిసారీ కొత్త జాబితాను చేసి ఇవ్వండి, లేకపోతే ఒక లాట్‌కు చేర్చిన గుర్తు అన్ని లాట్లకూ అంటుకుంటుంది.

పైథాన్‌లో ఎస్‌క్యూఎల్ ఆల్కెమీ అనే డేటాబేస్ లైబ్రరీ వాడేవారికి ఒక మాట. మూట మొత్తాన్ని మార్చకుండా లోపలి ఒక కీని మాత్రం మారిస్తే, మార్పును గమనించే మ్యూటబుల్ రకాన్ని మీరు ప్రత్యేకంగా పెట్టుకోకపోతే, అది గమనించదు, సేవ్ అయినట్టే ఉంటుంది గానీ డేటాబేస్‌లో పాత విలువే మిగులుతుంది.

తెలియని కీలను తిప్పికొట్టండి

ఒకరు ‘తేమ’ అని, మరొకరు ‘తేమశాతం’ అని రాస్తే మూట రెండింటినీ సంతోషంగా దాచుకుంటుంది. పట్టికలో లేని కీ వస్తే దాచడానికి నిరాకరించేటట్టు రాయండి. దీనికి తోడు డేటాబేస్ స్థాయిలో ఒక చిన్న గొళ్లెం పెట్టడం మంచిది, ఎందుకంటే ఎక్సెల్ నుంచి సరుకు ఎక్కించే స్క్రిప్టులు తరచుగా మీ ప్రోగ్రాంను దాటుకుని నేరుగా టేబుల్‌లోకి రాస్తాయి. పోస్ట్‌గ్రెస్‌లో జేసన్‌బీ టైప్‌ఆఫ్ ఫంక్షన్‌తో ‘బస్తాలు’ అంకె అయి తీరాలని చెక్ నియమం రాయవచ్చు. మైఎస్‌క్యూఎల్‌లో చెక్ నియమాలు నిజంగా అమలయ్యేది 8.0.16 నుంచే, అంతకుముందు వెర్షన్లు ఆ నియమాన్ని చదివి ఊరుకునేవి.

వెతకడం, పేర్చడం

దుకాణదారు ఒక ఉదయం ఫోన్ చేసి, “ఏటి బాబూ ఇది, పది కన్నా తొమ్మిదిన్నర పెద్దదా?” అని అడిగారు. తేమ ఎక్కువ ఉన్న పిక్కల లాట్లు పైన రావాలని నేను రాసిన క్వెరీ (డేటాబేస్‌ను అడిగే ప్రశ్న) 10.2 శాతం లాట్‌ను 9.5 కింద చూపించింది. కారణం చిన్నదే: పోస్ట్‌గ్రెస్‌లో ->> గుర్తుతో మూటలోంచి తీసిన విలువ ఎప్పుడూ టెక్స్టే, లోపల అంకెగా ఉన్నా సరే. టెక్స్ట్‌గా పోల్చినప్పుడు మొదటి అక్షరం 9 కాబట్టి 1తో మొదలయ్యే దానికంటే పెద్దదవుతుంది. క్వెరీలో తీసిన వెంటనే న్యూమరిక్‌గా మార్చి, ఆ తరువాతే పేర్చండి, పోల్చండి.

ఆ మార్చిన రూపం మీదే, వెతకడం వేగంగా జరిగేందుకు, ఇండెక్స్ కట్టుకోవచ్చు. క్వెరీలో ఏ రూపం రాస్తారో సరిగ్గా అదే రూపం ఇండెక్స్‌లోనూ ఉండాలి. ఏ కీతో వెతుకుతారో ముందుగా తెలియనప్పుడు కాలమ్ మొత్తం మీద జిన్ అనే రకం ఇండెక్స్ కట్టి, ‘ఈ మూటలో ఇది ఉందా’ అని @> గుర్తుతో అడగవచ్చు. ఆ ప్రశ్నకు టైపు పట్టింపు గట్టిగా ఉంది. గ్రేడు "320" అని స్ట్రింగ్‌గా దాచి, అంకె 320 కోసం వెతికితే ఒక్క వరుస కూడా దొరకదు, తప్పు కూడా చూపించదు. సగం వరుసలు స్ట్రింగ్‌గానూ సగం అంకెగానూ పడి ఉన్న టేబుల్‌లో సగం సరుకు మాత్రమే దొరుకుతుంది. అది ఇంకా మోసం, ఎందుకంటే ఏదో ఒకటి దొరికింది కదా అని ఎవరూ అనుమానించరు.

ఇద్దరు ఒకేసారి రాస్తే

కౌంటర్ దగ్గర ఒకరు లాట్ తెరిచి గ్రేడు సరిచేస్తున్నారు, అదే నిమిషంలో గోడౌన్‌లో మరొకరు బస్తాల లెక్క మారుస్తున్నారు. వేర్వేరు కాలమ్‌లు అయితే ఇద్దరి మార్పులూ నిలుస్తాయి. మూట అయితే, ప్రోగ్రాం మొత్తం మూటను చదివి మొత్తాన్నీ తిరిగి రాస్తుంది కనుక, వెనుక సేవ్ చేసినవారి పాత కాపీ ముందువారి మార్పును తుడిచేస్తుంది. టేబుల్‌లో వెర్షన్ నంబరు కాలమ్ పెట్టి, చదివినప్పటి నంబరు మారిపోతే సేవ్‌ను నిరాకరించి మళ్లీ తెరవమని చెప్పడం చాలాచోట్ల సరిపోతుంది. పోస్ట్‌గ్రెస్ 9.5 నుంచి ఉన్న జేసన్‌బీ సెట్ ఫంక్షన్‌తో ఒక్క కీని మాత్రమే మార్చవచ్చు. లోపల వరుస మొత్తం కొత్తగా రాయబడుతుంది గానీ, పక్కవారి కీ మాత్రం చెడదు. ఇలా తరచుగా మారే బస్తాల లెక్కను మూటలో పెట్టడమే నా మొదటి పొరపాటు. మీరు దాన్ని మొదటి మెట్టులోనే మామూలు కాలమ్‌గా ఉంచండి.

టైపు మార్చవలసి వచ్చినప్పుడు

మొదట ఇంటిజర్ అనుకున్నది తరువాత డెసిమల్ కావచ్చు. పట్టికలో టైపు మార్చినంత మాత్రాన డేటాబేస్‌లోని పాత మూటలు మారవు. ముందు చదివే ఫంక్షన్ పాత రూపాన్నీ కొత్త రూపాన్నీ రెండింటినీ అర్థం చేసుకునేటట్టు మార్చి అమలులో పెట్టండి. తరువాత రాసే ఫంక్షన్ కొత్త రూపంలోనే రాసేటట్టు చేయండి. ఆపైన పాత వరుసలను వెయ్యేసి చొప్పున తీసి మార్చే స్క్రిప్టు నడపండి, దుకాణం కట్టేసిన తరువాత అయితే మరీ మంచిది. పాత రూపంలో ఒక్క వరుస కూడా మిగలలేదని క్వెరీతో తేల్చుకున్నాకే పాత రూపాన్ని చదివే కోడును తీసేయండి. ఈ నాలుగింటి క్రమం తప్పితే మధ్యలో తెరిచిన లాట్లు విరిగిపోతాయి.

దీనికి ముందుగా రాసిపెట్టుకోవలసిన పరీక్ష ఒకటి ఉంది: ప్రతి టైపుకూ ఒక విలువ దాచి, డేటాబేస్ నుంచి కొత్తగా తీసి, విలువతో పాటు టైపు కూడా అదేనా అని చూడటం. మెమరీలో ఉన్న వస్తువునే తిరిగి చూస్తే ఈ పరీక్షకు అర్థం లేదు, అది మూటలోకి వెళ్లి రాలేదు కదా. ఇచ్చే విలువల్లో ఖాళీ స్ట్రింగ్, "0", 1,25,000, 0801, ఫిబ్రవరి 29 తప్పనిసరిగా ఉండాలి.

మూటలోంచి ఒక వివరాన్ని బయటకు తీయడం

తేమ సగటును వారం వారం చూపించమని ఆ దుకాణదారే అడిగారు. రైతుల నుంచి పిక్కలు 80 కిలోల బస్తాల లెక్కన కొంటారు, తేమ పెరిగితే అదే బస్తాలో పప్పు తగ్గుతుంది. అందుచేత అది పేజీ మీద చూసి వదిలేసే వివరం కాకుండా బేరం తేల్చే అంకె అయింది. ఇలాంటప్పుడు దాన్ని సొంత కాలమ్‌కు మార్చాలి.

మధ్యేమార్గంగా, మూటలోని విలువ నుంచి తనంతట తానే నిండే జనరేటెడ్ కాలమ్ పెట్టవచ్చు, మైఎస్‌క్యూఎల్‌లో 5.7 నుంచి, పోస్ట్‌గ్రెస్‌లో 2019 నాటి 12 నుంచి ఇది ఉంది. శాశ్వతంగా మార్చాలనుకుంటే ముందు బ్యాకప్ తీయండి. ఖాళీకి అవకాశం ఉన్న న్యూమరిక్ కాలమ్ చేర్చి, కొన్నాళ్లపాటు రెండు చోట్లా రాసేటట్టు ప్రోగ్రాంను మార్చండి. పాత వరుసల్లోని విలువలను స్క్రిప్టుతో కొత్త కాలమ్‌లోకి నింపండి. అంకెగా మారని విలువలు వస్తే స్క్రిప్టు వాటిని దాటిపోకుండా విడిగా రాసిపెట్టాలి. నాకు అలా దొరికిన వాటిలో ‘9.5 శాతం’ అని మాటతో సహా కొట్టినవి, చుక్క బదులు కామా పెట్టినవి ఉన్నాయి, వాటిని యజమానిని అడిగి చేత్తో సరిచేశాను. మూటలో తేమ ఉన్న వరుసల సంఖ్య, కొత్త కాలమ్ నిండిన వరుసల సంఖ్య సమానమయ్యాక చదవడాన్ని కొత్త కాలమ్‌కు మళ్లించి, ఒక నెల గడిచిన తరువాత మూటల్లోంచి ఆ కీని తొలగించి, చివరగా పట్టికలో తేమ అన్న వరుసను కొట్టేయండి.